అంబాసిడర్ బ్రేకులూ, నా మోకాళ్లూ

కావలిలో మా ఇంటి వేపచెట్టు కింద పాత అంబాసిడరుంది. నాకు 67. మొన్న వెనక బ్రేకు లైనింగులు మారుద్దామని గొంతుక్కూర్చున్నా. కూర్చోడం సులువే, లేవడానికి మా ఆవిణ్ణి కేకేయాల్సొచ్చింది. "బండి కన్నా ముందు మీరే షెడ్డుకెళ్లాలి" అంది.

ఆ రాత్రే తుప్పుపట్టిన చక్రం నట్లకి కిరసనాయిలు పోసి నానబెట్టా. పొద్దున ముక్కాలిపీటేసుకున్నా. బండి నేలమీదుండగానే స్పానర్‌కి రెండడుగుల ఇనప పైపు తొడిగి ఒంటి బరువంతా వేస్తే నట్టు కిర్రుమని కదిలింది. భుజానికి పని తగ్గింది. జాకీ ఎత్తాక ఇరుసు కింద దుంగలు పెట్టా, ముందు చక్రాలకి ఇటుకలు. జాకీ ఒక్కదాన్నే నమ్మడం ఇరవయ్యేళ్ల కుర్రాడికైనా తప్పే. చక్రం విప్పాక లోపల బ్రేకు స్ప్రింగు కొక్కెం కనిపించకపోతే (చత్వారం!) ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూశా. చివర్లో బ్రేకు బిగువు సరిచేసే అడ్జస్టర్‌ని చక్రం తిరగనంత బిగించి, తేలిగ్గా తిరిగేదాకా వదిలా.

పూర్వం గంట పని. రెండోవైపు శనివారం, అందాకా బండి తీయను.