చింతపిక్కలతో బైనరీ: ధవళేశ్వరం లెక్కలు చేసి చూడండి

బైనరీ అంటే 0, 1 అనే రెండంకెలతోనే సంఖ్యలు రాసే పద్ధతి. అష్టాచెమ్మా ఆడే చింతపిక్కలు ఎనిమిది తీసుకోండి. లేకపోతే మామూలు పిక్కల్నే గరుకు గచ్చు మీద ఒకపక్క తెల్లపప్పు కనిపించేదాకా అరగదీయండి. తెలుపు పైకి ఉంటే 1, లేకుంటే 0. ఒక్కో పిక్క ఒక బిట్, ఎనిమిదీ కలిస్తే ఒక బైట్. కంప్యూటరులో ఈ పని వోల్టేజీ చేస్తుంది. 0 నుంచి 9 దాకా అంకెలకు వోల్టేజీలో పది మెట్లు పెడితే చిన్న ఒడిదుడుకుకే అంకె మారిపోతుంది. ఎక్కువా తక్కువా అని రెండే ఉంటే పొరపాటుకు చోటు బాగా తగ్గుతుంది.

పిక్కల్ని వరసగా పేర్చి, కుడి నుంచి ఎడమకు 1, 2, 4, 8, 16, 32, 64, 128 అని కింద రాయండి.

గోదావరి మీది ధవళేశ్వరం బ్యారేజీ గేట్లతో మొదలుపెడదాం. దానికి నాలుగు భాగాలు: ధవళేశ్వరం 70, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39, మొత్తం 175. దీన్ని 2తో భాగిస్తూ పోయి, ప్రతిసారీ శేషం రాసుకోండి: 87 శేషం 1, 43 శేషం 1, 21 శేషం 1, 10 శేషం 1, 5 శేషం 0, 2 శేషం 1, 1 శేషం 0, 0 శేషం 1. శేషాలను కింది నుంచి పైకి చదవాలి: 10101111. పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. పైనుంచి చదివితే 11110101 వస్తుంది, అది 245. అందుకే తెల్లపిక్కల కింద అంకెలు కూడి సరిచూసుకోండి: 128+32+8+4+2+1.

ఇవే పిక్కల్ని, రుణసంఖ్యలు కూడా పట్టే పద్ధతిలో చదివితే ఎడమ చివరిది −128 అవుతుంది, విలువ −81 వస్తుంది. బిట్లు మారలేదు, చదివే ఒప్పందం మారిందంతే.

చోటు చాలకపోతే ఇంకా ప్రమాదం. మొదటి ప్రమాద హెచ్చరిక నాటి ప్రవాహం సుమారు 10 లక్షల క్యూసెక్కులు (సెకనుకు ఘనపుటడుగులు). 16 బిట్లలో పట్టేది 65,535 దాకానే. పైబిట్లు, అంటే ఎడమవైపువి, రాలిపోతే 10,00,000 కాస్తా 16,960గా కనిపిస్తుంది. వరదను వేసవి నీరనుకుంటాం! 20 బిట్లకు 10,48,575 దాకా పడుతుంది గానీ, రెండో హెచ్చరిక నాటి 13 లక్షలకు చాలదు. ఇలాంటివాటికి 32 బిట్లు కేటాయించడమే మేలు.

ఇక నీటిమట్టం. హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగుల దగ్గర. దశాంశ భాగాన్ని 2తో గుణిస్తూ, చుక్కకు ముందు వచ్చిన అంకె తీసుకోండి: 0.75 × 2 = 1.5, మిగిలిన 0.5 × 2 = 1.0. కాబట్టి 11.75 అంటే 1011.11, కచ్చితంగా సరిపోయింది. అదే 0.7తో చేయండి: 1, 0, 1, 1, 0, మళ్లీ 0, 1, 1, 0... తెగదు. ఎక్కడో కోసేయాల్సిందే. ప్రోగ్రాములో ఇలాంటి మట్టాలు రెండు సమానమా అని అడిగితే కొన్నిసార్లు కావంటుంది. అడుగులో నూరో వంతుల్లో, అంటే 11.7 అడుగుల్ని 1170 అని పూర్ణసంఖ్యగా దాచితే ఈ తంటా ఉండదు.

అక్షరాలకూ సంఖ్యలే. ప్రపంచ భాషల అక్షరాలకు సంఖ్యలిచ్చే పట్టిక యూనికోడ్‌లో ‘గ’ 3095. ఆ సంఖ్యల్ని బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8లో అది మూడు బైట్లు: 11100000 10110000 10010111. ‘గోదావరి’లో గుణింతపు గుర్తులకూ విడి సంఖ్యలుంటాయి గనుక మొత్తం ఏడు, అంటే 21 బైట్లు. కంటికి నాలుగక్షరాలే కదా అని నాలుగు బైట్లిస్తే పేరు ‘గో’ మధ్యలోనే తెగుతుంది. తెలుగు ఫైలు పిచ్చిగీతల్లా తెరుచుకుంటే కంగారుపడి సేవ్ చేయకండి. బైట్లు చాలావరకు క్షేమంగానే ఉంటాయి. మూసేసి, యూటీఎఫ్-8 ఎంచుకుని మళ్లీ తెరవండి.