అభ్యర్థి అఫిడవిట్ చూడటం, నకలు తీసుకోవడం ఎలా? దరఖాస్తు విధానం

ఎన్నికల్లో నిలబడే ప్రతి అభ్యర్థీ తన కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు గురించి ప్రమాణం చేసి రాసిచ్చే కాగితం ఒకటుంది. అదే ఫారం 26, అందరూ అఫిడవిట్ అని పిలిచేది. ఇద్దరు అభ్యర్థులను పోల్చి చూసుకోవడానికి ఇంతకన్నా పనికొచ్చే కాగితం లేదు. ఏ పార్టీ అయినా, స్వతంత్రుడైనా అదే నమూనాలో, అవే అంశాల కింద నింపాలి. దీన్ని చూడటానికి ఓటరు పైసా కట్టక్కర్లేదు. అయినా నోటిఫికేషన్ రాగానే "అఫిడవిట్ తీసిస్తాం, లోపల మనవాళ్లున్నారు" అనేవాళ్లు ఎక్కడినుంచో పుట్టుకొస్తారు. వాళ్లకు డబ్బిచ్చి, చివరికి కిందటి ఎన్నికల నాటి కాగితం చేతిలో పట్టుకుని బయటికొచ్చినవాళ్లను చూశాక ఇది రాయాలనిపించింది.

ఒక మాట ముందే. ఇక్కడ చెప్పేది అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల గురించి. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో ఉంటాయి. సర్పంచ్ అభ్యర్థి వివరాలు కేంద్ర ఎన్నికల సంఘం పోర్టల్‌లో ఎంత వెతికినా దొరకవు.

ఆన్‌లైన్‌లో చూడటం

కేంద్ర ఎన్నికల సంఘానికి అఫిడవిట్ల కోసమే ఒక పోర్టల్ ఉంది. చిరునామా చివర 'ఈసీఐ డాట్ జీఓవీ డాట్ ఇన్' ఉందో లేదో చూసుకుని తెరవండి. ఏ ఎన్నిక, ఏ రాష్ట్రం, ఏ నియోజకవర్గం అన్నవి ఎంచుకుంటే అభ్యర్థుల జాబితా వస్తుంది. పేరు మీద నొక్కితే స్కాన్ చేసిన అఫిడవిట్ దొరుకుతుంది. ఫోన్‌లో చూసేవాళ్లకు ఇదివరకు 'నో యువర్ క్యాండిడేట్' అనే యాప్ ఉండేది, ఇప్పుడు దాన్ని ఎన్నికల సంఘం కొత్త యాప్ ఈసీఐనెట్‌లో కలిపేశారు. ఈ పనికి ఆధార్ కాపీ ఎవరికీ ఇవ్వక్కర్లేదు, ఓటీపీ ఎవరికీ చెప్పక్కర్లేదు. అడిగారంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

ఎప్పుడు చూడాలన్నది కూడా ముఖ్యమే. చట్టం ప్రకారం నామినేషన్ల గడువు ముగిసిన మర్నాడు పరిశీలన, ఆ తర్వాత రెండో రోజు ఉపసంహరణకు ఆఖరు. అక్కడినుంచి పోలింగ్‌కు కనీసం 14 రోజులు ఉంటాయి. నింపాదిగా చదవడానికి ఆ రెండు వారాలే అనువైనవి. అంతకుముందు చూస్తే రేపు బరిలోంచి తప్పుకునే వాళ్ల కాగితాలు కూడా కలిసి ఉంటాయి.

ఎక్కువమంది ఇక్కడే తడబడతారు

జాబితాలో ఒకే అభ్యర్థి పేరు రెండు మూడు సార్లు కనబడుతుంది. కంగారు పడాల్సిందేమీ లేదు. ఒక అభ్యర్థి ఒకే నియోజకవర్గంలో నాలుగు సెట్ల వరకు నామినేషన్ వేయొచ్చు. ఒకటి తిరస్కరణకు గురైనా ఇంకోటి నిలబడుతుందని అలా వేస్తారు. మొదటి సెట్‌లో ఒక గడి ఖాళీగా వదిలేసి, రిటర్నింగ్ అధికారి (ఆర్వో, నామినేషన్లు తీసుకునే అధికారి) నోటీసు ఇచ్చాక సరిచేసి మళ్లీ ఇచ్చినవీ ఉంటాయి. అందుకే పైన కనబడినది తెరిచి అదే ఆఖరిదనుకోకండి. అన్నీ తెరిచి, చివరి పేజీలో ప్రమాణం చేసిన తేదీ, నోటరీ ముద్ర చూసి, అన్నిటికన్నా తర్వాతి తేదీ ఉన్నదాన్ని పక్కన పెట్టుకోండి. రెండు సెట్ల మధ్య అంకెలు మారితే ఆ మార్పు కూడా రాసి పెట్టుకోండి.

రెండో తికమక పేర్లది. మన దగ్గర గట్టి అభ్యర్థి మీద అదే పేరున్న ఇంకొకరిని నిలబెట్టడం పాత అలవాటే. దానికి తోడు డమ్మీ నామినేషన్లు. అసలు అభ్యర్థి భార్యో, కొడుకో, తమ్ముడో కూడా ఒక సెట్ వేసి ఉంచుతారు. ఇంటిపేరు ఒకటే, ఊరు ఒకటే, ఒక్కోసారి పార్టీ కూడా అదే రాసి ఉంటుంది. మొదటి పేజీలో ఫొటో, తండ్రి లేదా భర్త పేరు, వయసు ఉంటాయి. ఆ మూడూ సరిపోలాకే ముందుకెళ్లండి. ఉపసంహరణ గడువు దాటాక 'పోటీలో ఉన్నవారు' అన్న జాబితా మాత్రమే ఎంచుకుంటే సగం గందరగోళం పోతుంది.

కాగితం నకలు కావాలంటే

నెట్ లేనివాళ్లు, స్కాన్ మసకగా ఉండి చదవలేనివాళ్లు నేరుగా రిటర్నింగ్ అధికారి ఆఫీసుకు వెళ్లొచ్చు. అసెంబ్లీకైతే చాలా చోట్ల ఆర్డీవో స్థాయి అధికారి, లోక్‌సభకైతే సాధారణంగా కలెక్టరే ఆర్వో. ఎవరన్నది నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. అఫిడవిట్ నకలును అందరికీ కనబడేలా ఆఫీసులో అంటించాలని ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 33ఏ సెక్షన్ చెబుతోంది. కాబట్టి ముందు నోటీసు బోర్డు చూడండి. ఫోన్‌లో ఫొటో తీసుకుంటే చాలామందికి పని అక్కడితోనే అయిపోతుంది.

నకలే కావాలంటే తెల్లకాగితం మీద దరఖాస్తు చాలు, అచ్చు ఫారం కొనాల్సిన పని లేదు. ఇలా రాయండి:

"రిటర్నింగ్ అధికారి గారికి, నేను ఈ నియోజకవర్గం ఓటరును. పోటీలో ఉన్న ఫలానా అభ్యర్థి, ఫలానా పార్టీ, తండ్రి పేరు ఫలానా, దాఖలు చేసిన ఫారం 26 అఫిడవిట్ నకలును అనుబంధాలతో సహా ఇప్పించగలరు. నకలు ఖర్చు చెల్లించడానికి సిద్ధంగా ఉన్నాను."

కింద మీ పేరు, చిరునామా, ఓటరు కార్డు నంబరు, తేదీ, సంతకం. 'అనుబంధాలతో సహా' అన్న మాట మర్చిపోవద్దు. కేసులు, భూములు ఎక్కువగా ఉన్నవాళ్లు అసలు గడిలో 'అనుబంధం చూడండి' అని రాసి ఊరుకుంటారు. ఆ వెనక పేజీలు రాకపోతే మీ చేతికొచ్చింది ఉత్త అట్టే. దరఖాస్తు రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. డబ్బు కట్టమంటే కట్టండి, రసీదు మాత్రం వదలకండి. రసీదు ఇవ్వని రుసుము ఏదైనా అది ప్రభుత్వానికి వెళ్లేది కాదు.

"మీకెందుకండీ ఇవన్నీ" అని కౌంటర్‌లో ఎవరైనా విసుక్కుంటే వాదన పెట్టుకోకండి. అభ్యర్థి పూర్వాపరాలు తెలుసుకోవడం ఓటరు హక్కని 2002లో ఒకసారి, 2003 మార్చిలో మరోసారి సుప్రీంకోర్టు చెప్పేసింది. నెమ్మదిగా జిల్లా ఎన్నికల అధికారికి అదే దరఖాస్తు ఇవ్వండి, లేదంటే ఓటరు హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేయండి. ఎన్నికల రోజుల్లో ఆ సిబ్బంది మీద ఉండే పని ఒత్తిడి మామూలుగా ఉండదు, సాయంత్రం రమ్మన్నారంటే అన్నిసార్లూ దురుద్దేశం కాదు.

కేసుల గడి ఎలా చదవాలి

5వ అంశం పెండింగ్ కేసులది, 6వది శిక్ష పడిన కేసులది. రెండూ ఒకటి కావు. వాట్సాప్‌లో తిరిగే పట్టికల్లో ఈ రెండూ కలిపేసి 'ఈయనకు ఇన్ని కేసులు' అని ఒక్క అంకె వేస్తారు. ఆ అంకెతో ఉపయోగం తక్కువ. రోడ్డు మీద ధర్నా చేసినందుకు పెట్టిన కేసూ ఒకటే, మోసం కేసూ ఒకటే అయిపోతాయి అందులో. ఫారంలో ప్రతి కేసుకూ ఎఫ్ఐఆర్ నంబరు, స్టేషన్, కోర్టు, సెక్షన్లు, క్లుప్తంగా ఆరోపణ, కోర్టు అభియోగాలు నమోదు చేసిందా లేదా, చేస్తే ఏ తేదీన అన్నవి ఉంటాయి. చూడాల్సింది ఆరోపణ, అభియోగాల గడి. పోలీసులు కేసు పెట్టడం వేరు, కోర్టు ఆధారాలు చూసి అభియోగాలు నమోదు చేయడం వేరు.

సెక్షన్ నంబర్ల దగ్గర ఈమధ్య కొత్త చిక్కు వచ్చింది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత కేసులు ఐపీసీ కింద, కొత్తవి సంహిత కింద ఉంటాయి. 302 అని కనబడగానే హత్య అనుకోవడం అందరికీ అలవాటైపోయింది. ఐపీసీలో అయితే నిజమే. సంహితలో హత్యకు శిక్ష 103వ సెక్షన్, అక్కడ 302 అంటే మతపరమైన మనోభావాలు గాయపరిచేలా మాట్లాడటం. నంబరు పక్కన ఏ చట్టమో చదవకుండా ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. అనుమానముంటే ఆ కేసు నంబరుతో కోర్టు కేసుల వివరాలుండే ఈకోర్ట్స్ సైట్‌లో వెతకొచ్చు.

పెండింగ్ కేసులున్న అభ్యర్థి వాటిని పత్రికల్లో, టీవీలో ప్రచారం ముగిసేలోగా 3 సార్లు ప్రకటించాలి. పేపర్లో చూసి పేజీ తిప్పేస్తాం గానీ, దాన్ని కత్తిరించి 5వ అంశంతో పోల్చండి. అతన్నే ఎందుకు ఎంచుకున్నారో పార్టీ కూడా కారణం చెప్పాలని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. గెలుస్తాడు కాబట్టి అంటే కుదరదని కూడా చెప్పింది. ఆ కారణం పార్టీ వెబ్‌సైట్‌లో ఉండాలి. వెతికి చదవండి, కొన్ని చోట్ల ఆ నాలుగు వాక్యాలే పార్టీ గురించి చాలా చెబుతాయి.

ఆస్తుల దగ్గర తొందరపడొద్దు

'ఐదేళ్లలో ఆస్తి ఇన్ని రెట్లు' అన్న హెడ్డింగులు మొత్తం అంకె మీదే పుడతాయి. ఒక ఉదాహరణ చూడండి. 2012లో 8 లక్షలకు కొన్న స్థలం కిందటి అఫిడవిట్‌లో 40 లక్షలని ఉంది, ఈసారి 90 లక్షలని ఉంది. మధ్యలో ఆయన కొన్నదేమీ లేదు, స్థలం ధర పెరిగింది అంతే. ఇక్కడ లెక్కకు రావాల్సింది కొత్తగా కొన్నవి. స్థిరాస్తుల్లో ప్రతిదానికీ కొన్న తేదీ, కొన్న ధర, ప్రస్తుత విలువ విడివిడిగా ఉంటాయి. కిందటి ఎన్నికల తర్వాతి తేదీలున్న వాటిని మాత్రమే ఏరి, కొన్న ధరలు కూడండి. ఆ మొత్తాన్ని 4వ అంశంలో ఉండే ఐదేళ్ల ఆదాయపు పన్ను రిటర్నుల అంకెలతో, అప్పులతో పోల్చండి. ఆదాయానికీ కొనుగోళ్లకూ పొంతన ఉందో లేదో అక్కడే తెలుస్తుంది.

అభ్యర్థి గడి ఒక్కటే చూసి ఆగిపోకండి. పక్కనే భార్య లేదా భర్త, ఉమ్మడి కుటుంబం, ఆధారపడినవాళ్ల గడులుంటాయి. సొంత కారు లేదని రాసిన అభ్యర్థి అఫిడవిట్‌లో వాహనాలన్నీ ఆ పక్క గడిలో బారులు తీరి ఉండటం అరుదేమీ కాదు. అలాగని ప్రతి చిన్న వస్తువూ రాయలేదని నేరం కట్టేయడమూ తప్పే. ఓటరు నిర్ణయంపై ప్రభావం చూపేంత విలువైనవి కాకపోతే ప్రతి చరాస్తినీ చెప్పనక్కర్లేదని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంది.

ఇంకో అపోహ ఉంది. "ఆర్వో ఆమోదించారంటే అందులో ఉన్నదంతా నిజమే" అని. కాదు. ఆర్వో చూసేది గడులన్నీ నింపారా లేదా అన్నది. ఖాళీలు వదిలి, గుర్తుచేసినా నింపకపోతే నామినేషన్ తిరస్కరించొచ్చని 2013లో తీర్పు వచ్చింది. రాసింది అబద్ధమన్న కారణంతో మాత్రం తిరస్కరించే అధికారం ఆయనకు లేదు. మీ దగ్గర గట్టి ఆధారం ఉంటే మీరూ ప్రమాణం చేసి దానికి ఎదురుగా కౌంటర్ అఫిడవిట్ ఇవ్వొచ్చు, దాన్ని కూడా అసలు అఫిడవిట్‌తో పాటు అందరికీ కనబడేలా పెడతారు. తప్పుడు అఫిడవిట్‌కు అదే ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఏ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ. దానికి వెళ్లాల్సింది కోర్టుకు. ఆధారం లేకుండా పోటీదారు మనిషి చెప్పాడని సంతకం పెట్టారో, ప్రమాణం చేసింది మీరు, ఇరుక్కునేదీ మీరే.

పార్టీల హామీలు

వీటికి ఫారం 26 లాంటి ఒకే నమూనా లేదు, అందుకే పోల్చడం కష్టం. మేనిఫెస్టో పార్టీ వెబ్‌సైట్ నుంచి పూర్తిది దించుకోండి, కరపత్రం మీద నమ్మకం పెట్టుకోకండి. మీకు ముఖ్యమైన రెండు మూడు విషయాలు తీసుకుని, ప్రతి పార్టీ దాని గురించి ఏం రాసిందో, డబ్బు ఎక్కడినుంచి తెస్తామందో చూడండి. హామీకి హేతువు, నిధులు తెచ్చే దారి స్థూలంగానైనా చెప్పాలని ఎన్నికల ప్రవర్తనా నియమావళిలోనే ఉంది. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటల్లో మేనిఫెస్టో విడుదల చేయకూడదు కూడా. ఆ ఆఖరి రెండు రోజుల్లో 'తాజా హామీ' అంటూ ఏ మెసేజ్ వచ్చినా అనుమానించండి.

పాత ఎమ్మెల్యేనో ఎంపీనో మళ్లీ నిలబడితే ఇంకో కాగితం చూడొచ్చు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో అభ్యర్థి తన ఎన్నికల ఖర్చుల లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఆ లెక్కను ఎవరైనా తనిఖీ చేసుకోవచ్చని నిబంధనల్లో ఉంది, రుసుము ఒక్క రూపాయి. ధ్రువీకరించిన నకళ్లు కావాలంటే విడిగా రుసుము ఉంటుంది, దానికీ రసీదు తీసుకోండి.