వానలు మొదలయ్యేలోపు పాత క్రికెట్ కార్డుల సంగతి చూసుకోండి, లామినేషన్ షాపుకి మాత్రం వెళ్లకండి

పోయిన ఆదివారం తెలిసిన కుర్రాడొకడు స్వీటు డబ్బా పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "అంకుల్, మా తాతయ్యవి. ఒకసారి చూడండి" అన్నాడు. మూత తీస్తే జాన్ ప్లేయర్ సిగరెట్ పెట్టెల్లో వచ్చిన 1938 నాటి క్రికెటర్ల కార్డులు. పూర్తి సెట్టు 50, వీళ్ల దగ్గర 43 మిగిలాయి. బ్రాడ్‌మన్ ఉన్నాడు. చెయ్యి పెట్టి ఒకటి తీసేసరికి నా గుండె జారిపోయింది. లామినేషన్. ఇంకోటి తీశాను, అదీ లామినేషనే. 41 కార్డులకు చేయించాడు.

నిరుడు వానల్లో రెండు కార్డులు ఒకదానికొకటి అంటుకుపోయాయట. ఈసారి అలా కాకూడదని బస్టాండు పక్కన జిరాక్స్ షాపులో ఇచ్చాడు. ఒక్కోదానికి పది రూపాయలు. షాపువాడు అందంగా ఉంటుందని అంచులు కూడా కత్తిరించి ఇచ్చాడు. "ఇక వాన పడినా టెన్షన్ లేదు కదా అంకుల్?" అని అడిగాడు కుర్రాడు. ఏం చెప్పను!

అందుకే ఇది రాస్తున్నాను. తడిచేత్తో ముట్టుకోవద్దు, ఎండలో పెట్టొద్దు లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

మనకి విలువైన కాగితం కనిపిస్తే లామినేషన్ చేయించేదాకా నిద్ర పట్టదు. పదో తరగతి మెమో నుంచి దేవుడి బొమ్మ దాకా అన్నీ ఆ మిషన్లోకే. అది కార్డు మీద తొడిగే చొక్కా అనుకుంటారు. కాదు. మిషన్ వేడి వంద డిగ్రీలు దాటుతుంది, ప్లాస్టిక్ లోపలి జిగురు కరిగి కాగితం పీచులోకి దిగుతుంది. ఆ తర్వాత కార్డూ ప్లాస్టికూ వేరు కావు. ఊడదీస్తే ప్లాస్టిక్‌తో పాటు బొమ్మ పైపొర కూడా లేచి వస్తుంది. పాత కార్డుకి ధర పలికేది ఆ కాగితానికి, ఆ సిరాకి, ఆ మూలలకి. అమెరికాలో టాప్స్ కంపెనీ వేసిన 1952 సెట్టులోని మికీ మాంటిల్ అనే ఆటగాడి బేస్‌బాల్ కార్డు ఒకటి 2022 ఆగస్టులో కోటీ 26 లక్షల డాలర్లకు అమ్ముడైంది. అప్పటి రేటులో వంద కోట్ల రూపాయలు! అట్టముక్కకి అంత రేటెందుకంటే డెబ్బై ఏళ్లయినా దాని మూలలు అరగలేదు, ఎవరూ దాన్ని 'బాగు' చేయలేదు. అంచు కత్తిరించిన కార్డుకైతే, కార్డు ఎంత బాగుందో చూసి మార్కులేసే గ్రేడింగ్ కంపెనీలు నంబరే ఇవ్వవు.

పోనీ ధర సంగతి వదిలేద్దాం, అమ్మే ఉద్దేశం లేదు, తడవకుండా ఉంటే చాలంటారా? అదీ జరగదు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు అక్కడి మా స్నేహితుడి బీరువా కింది అర నీళ్లలో ఉంది. అందులో లామినేషన్ చేయించిన కార్డులు కత్తిరించిన అంచు నుంచి నీరు లోపలికి పీల్చుకున్నాయి. లోపలికి పోయిన నీటికి బయటికి దారి లేదు. పది రోజుల్లో ప్లాస్టిక్ లోపలే నల్లటి బూజు. పక్కనే మామూలు కవర్లలో ఉన్న కార్డులు తడిసి ఉబ్బాయి కానీ, ఆరబెట్టాక చాలావరకు చేతికొచ్చాయి. కాబట్టి ఇంకోసారి చెబుతున్నాను, లామినేషన్ వద్దు.

కవర్ల విషయం

ఫొటో ఆల్బమ్ తెరవగానే కొత్త ప్లాస్టిక్ వాసన గుప్పుమంటే అది పీవీసీ. మెత్తగా ఉండటానికి అందులో కలిపిన నూనెలాంటి పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ బయటికొచ్చి కార్డుకి అంటుకుంటుంది. పాలీప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ కవర్లు అడిగి కొనండి. సైజు చూసుకోండి. బేస్‌బాల్ కార్డుల కవర్లు రెండున్నర బై మూడున్నర అంగుళాలవి. సిగరెట్ కార్డు వెడల్పు అంగుళమున్నర కూడా ఉండదు. వదులు కవర్లో కార్డు అటూ ఇటూ జారుతూ మూలలు పోగొట్టుకుంటుంది. సిగరెట్ కార్డుల కొలతకే చేసిన పేజీలు దొరుకుతాయి.

1930ల జాన్ ప్లేయర్ కార్డుల్లో చాలావాటికి వెనక జిగురు పూసి ఉంటుంది, ఆల్బమ్‌లో అతికించుకోవడానికి. కుర్రాడి కార్డులు రెండూ అంటుకుపోయింది అందుకే. ఇంగ్లండులో ఎలా ఉండేదో గానీ మన కోస్తా ఉక్కపోతకి ఆ జిగురు మళ్లీ మేలుకుంటుంది. వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చకండి, పైన బరువు పెట్టకండి. ఒక్కో కవర్లో ఒక్కటే.

పెట్టే చోటు

అటక మీద వేడి, నేల మీద చెమ్మ. బీరువాలో నడుం ఎత్తు అర మంచిది. ఆ బీరువా కూడా వాన కొట్టే గోడకి ఆనించి ఉంటే జానెడు ముందుకి జరపండి. గదిలో తేమ 40 నుంచి 50 శాతం ఉండాలంటారు. మన దగ్గర వానాకాలంలో 80 దాటడం మామూలే. కాబట్టి గదిని కాదు, డబ్బాని కాపాడుకోండి. మూత బిగుతుగా పట్టే డబ్బా, అందులో సిలికా జెల్. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగాయంటే వాటి పని అయిపోయినట్టే. వేడి చేసి ఆరబెడితే మళ్లీ పనికొస్తాయి. సంచిలోనే ఉంచండి, గింజలు కార్డులకు తగలకూడదు. డబ్బా మూసేది పొడి రోజున, మధ్యాహ్నం పూట. వాన పడుతుండగా మూస్తే ఆ తేమని కూడా లోపల పెట్టి తాళం వేసినట్టే.

ఇక మిగతావి గుర్తొచ్చిన వరుసలో:

సిలికా జెల్ బదులు బియ్యం మూట పెట్టకండి. తేమ సంగతేమో గానీ పురుగు ఖాయం.

కలరా ఉండలు వద్దు. ఆ ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది.

వేపాకు బట్టల మధ్య పెట్టుకోండి, కార్డుల మధ్య కాదు. మరక పడుతుంది.

రబ్బరు బ్యాండు తీసేయండి. ఇప్పుడే. చిన్నప్పుడు బిగ్ ఫన్ బబుల్ గమ్‌తో వచ్చిన బొమ్మలు, వెనక రన్నులూ వికెట్లూ ఉండేవి చూడండి, అవి నేను రబ్బరు బ్యాండు వేసి దాచాను. ఎండాకాలంలో కరిగి పై బొమ్మకీ కింది బొమ్మకీ అడ్డంగా గోధుమరంగు గీత మిగిల్చింది.

న్యూస్‌పేపర్లో చుట్టకండి. అది పసుపెక్కుతూ పక్కవాటినీ పసుపెక్కిస్తుంది.

సెల్లో టేపు వద్దు. చిరిగినా వద్దు.

మూల మడతపడితే ఇస్త్రీ చేయకండి.

బూజు కనిపిస్తే ఇంట్లో తుడవకండి, మిగతావాటికి పాకుతుంది. ఆ ఒక్క కార్డుని వేరే కవర్లో పెట్టి పక్కకి తీయండి.

డబ్బాని నెలకోసారి తెరిచి చూడండి. వారానికి నాలుగుసార్లు బంధువులకు చూపించడానికి కాదు.

ప్రతి కార్డుకీ రెండు వైపులా ఫొటో తీసి ఫోన్లోనే కాకుండా ఇంకోచోట కూడా పెట్టండి.

తుపాను కబురు వచ్చినప్పుడు కాదు, ఇవాళే డబ్బా పై అరకి ఎక్కించండి.

తడిస్తే విడదీయకండి. హెయిర్ డ్రయ్యర్ వద్దు, ఎండ వద్దు. జిప్ కవర్లో చదునుగా పెట్టి ఫ్రీజర్లో పెట్టండి, బూజు ఆగుతుంది, మీకు టైమ్ దొరుకుతుంది. తర్వాత కొన్ని కొన్నిగా తీసి, జిగురు వైపు పైకి ఉండేలా, నీడలో, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా ఆరబెట్టండి.

ఎవరు చెప్పినా, షాపువాడు "కోల్డ్ లామినేషన్ సార్, వేడి ఉండదు" అన్నా వద్దు. అందులోనూ జిగురే.

ఇప్పటికే చేయించేశారా? ఊడదీయకండి, బ్లేడు పెట్టకండి, అంచులు ఇంకా కత్తిరించకండి. అలాగే ఉంచేయండి.

ఇస్త్రీ పెట్టెతో వేడి చేస్తే ఊడుతుందా అని కుర్రాడు అడిగాడు. ఊడదు. అంటుకుపోయిన ఆ రెండు కార్డులు ఏవని అడిగితే డబ్బా అడుగు నుంచి తీశాడు. మందం ఎక్కువ, మిషన్లో ఇరుక్కుంటాయని షాపువాడు చేయనన్నాడట. ప్లాస్టిక్ తగలనివి ఇప్పుడు ఆ రెండే. పాత కాగితాలు బాగుచేసే మనిషికి చూపించేదాకా వాటిని గోటితో గీకొద్దని, లాగొద్దని చెప్పి, విడిగా కవర్లో పెట్టి ఇచ్చి పంపాను.