ముప్పై ఏడేళ్లకు పళ్లకు క్లిప్పులు: వేయించుకునే ముందు, తర్వాత

విజయనగరంలో గంటస్తంభానికి దగ్గర్లో నాకు టైలరింగ్ షాపు ఉంది. కొలతలు తీసుకునేటప్పుడు ఎదుటివాళ్లు నా మొహమే చూస్తుంటారు, క్లిప్పులు దాచడం ఎక్కడ కుదురుతుంది? "ఏటమ్మా, ఈ వయసులో ఏటీ తీగలు?" అని మొదలుపెట్టిన పెద్దావిడే రెండో మాటకి "ఎంతయిందేటి? మా కోడలికీ ఎత్తుపళ్లే" అంటుంది. అలా అడిగేవాళ్లకు నేను చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

వయసు గురించి టెన్షన్ పడకండి. పంటి వేరుకీ దవడ ఎముకకీ మధ్య ఒక సన్నని పొర ఉంటుంది. తీగ పన్నును ఎటు నొక్కితే ఆ వైపు ఎముక కొద్దికొద్దిగా కరుగుతుంది, వెనక వైపు కొత్త ఎముక పడుతుంది. ఇది పదిహేనేళ్లకీ జరుగుతుంది, యాభై ఏళ్లకీ జరుగుతుంది. తేడా రెండుచోట్ల వస్తుంది. పెద్దవాళ్లకు దవడ ఎదుగుదల ఆగిపోయి ఉంటుంది. పళ్లు కాకుండా దవడే ముందుకో వెనక్కో ఉంటే ఒక్క తీగతో పని కాదు, ఆపరేషన్ మాట కూడా రావచ్చు. రెండోది చిగుళ్లు. పెద్దవాళ్ల విషయంలో అసలు కథంతా ఇక్కడే ఉంది.

నేను మొదట వెళ్లిన చోట ఎక్స్‌రే లేకుండానే, నోరు ఒకసారి తెరిపించి చూసి, ప్యాకేజీ రేటు చెప్పి అడ్వాన్స్ కట్టమన్నారు. లేచి వచ్చేశాను. రెండోచోట డాక్టరమ్మ సన్నని పుల్లలాంటి సాధనంతో ఒక్కో పంటి చుట్టూ చిగురు ఎంత లోతుకి విడిపోయిందో కొలిచి, పక్కనున్న అమ్మాయి చేత అంకెలు రాయించింది. కింద ముందు పళ్ల వెనక గార గట్టిపడిపోయి ఉందని అద్దంలో చూపించింది. "ముందు ఇది తీయించుకుని, రక్తం కారడం ఆగాక రండి, క్లిప్పుల సంగతి అప్పుడు చూద్దాం" అంది. డబ్బు వచ్చే పనిని వాయిదా వేసే డాక్టరు దొరికితే వదులుకోకండి. చిగుళ్లలో జబ్బు ఉండగా పళ్లు కదిపితే చుట్టూ ఉన్న ఎముక ఇంకా తరిగిపోతుంది, పళ్లు వదులవుతాయి. షుగర్ ఉన్నవాళ్లు అది అదుపులోకి వచ్చాకే మొదలుపెట్టాలి. సిగరెట్టు, చుట్ట, ఖైనీ ఏది ఉన్నా డాక్టరుకి చెప్పేయండి. మా వైపు పెద్దవాళ్లలో అడ్డపొగ (నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం) తాగేవాళ్లను ఇప్పటికీ చూస్తుంటాం. అలాంటి అలవాటు ఉన్నవాళ్లు క్లిప్పుల కోసం కాకపోయినా అంగుడి, అంటే నోటి లోపలి పైభాగం, ఒకసారి చూపించుకోవాలి.

ఎవరి దగ్గరికి వెళ్లాలంటే, బీడీఎస్ తర్వాత పళ్లు వరస చేసే విభాగమైన ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ చేసినవాళ్ల దగ్గరికి. బోర్డు మీద లేకపోతే అడగడానికి మొహమాటపడకండి. మన ఊళ్లలో చాలా క్లినిక్కులకు ఈ స్పెషలిస్టు వైజాగ్ నుంచి నెలలో ఫలానా రోజున వచ్చి వెళ్తుంటారు. అందులో తప్పేం లేదు, కానీ మధ్యలో తీగ గుచ్చుకుంటే చూసేదెవరో ముందే తేల్చుకోండి. ఖర్చు తగ్గాలంటే డెంటల్ కాలేజీలు ఉన్నాయి. సంగివలసలో ఒకటి, రుషికొండలో ఒకటి ఉన్నాయి. అక్కడ పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు. ఫీజు తక్కువ, కూర్చోవాల్సిన సమయం ఎక్కువ. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి వెళ్లాలి, మొత్తం ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్లు పట్టవచ్చు. బస్సు ఛార్జీలు, పోయే పనిరోజులు కూడా లెక్కలో వేసుకోండి.

పరీక్షల్లో దవడ మొత్తం కనిపించే ఓపీజీ ఎక్స్‌రే, తలను పక్క నుంచి తీసే ఎక్స్‌రే, పళ్ల అచ్చులు ఉంటాయి. ఆ తర్వాతే ప్లాను. చోటు చాలకపోతే కోరపన్నుకి వెనక పక్కనున్న పళ్లు తీయాలంటారు. బాగున్న పన్ను ఎందుకు తీయాలో, తీయకపోతే ఏమవుతుందో అడిగి తెలుసుకోండి. రూట్ కెనాల్ చేసిన పన్నయినా కదులుతుంది. ఎముకలో బిగించే కృత్రిమ పన్ను, అంటే ఇంప్లాంట్ మాత్రం కదలదు, కాబట్టి ఊడిన పంటికి ఇంప్లాంట్ పెట్టించుకోవాలనుకుంటే ముందు క్లిప్పుల డాక్టరుకి చూపించండి. ఎముకల బలానికి మందులు వాడుతుంటే ఆ చీటీ తీసుకెళ్లండి.

రకాల విషయానికొస్తే స్టీలువి అన్నిటికన్నా చవక, గట్టివి. పంటి రంగులో ఉండే సిరామిక్‌వి ఖరీదెక్కువ, పెళుసు. పళ్ల మీద తొడుగులా తీసి పెట్టుకునే అలైనర్లు ఇంకా ఖరీదు. రోజుకి 20 నుంచి 22 గంటలు పెట్టుకుంటేనే అవి పనిచేస్తాయి. మాటిమాటికీ టీ తాగేవాళ్లకు అవి సరిపడవని నా అభిప్రాయం. క్లిప్పుకీ తీగకీ చుట్టే చిన్న రబ్బరు రింగుల విషయంలో మాత్రం నా మాట వినండి. తెల్లవి, రంగు లేనివి అడగకండి. పసుపు వేసిన పప్పు ఒక్క పూట తింటే చాలు, పచ్చగా అయిపోతాయి. మళ్లీ మార్చేదాకా అలాగే ఉంటాయి. బూడిద రంగో ముదురు నీలమో వేయించుకోండి.

రేటు మాట్లాడేటప్పుడు క్లీనింగ్, ఎక్స్‌రేలు, పళ్లు తీయడం, ఊడిన క్లిప్పు మళ్లీ అతికించడం, పళ్లు మళ్లీ జరక్కుండా చివర్లో ఇచ్చే రిటైనర్ అందులో కలిసే ఉన్నాయా లేదా అని ఒక్కొక్కటీ అడిగి కాగితం మీద రాయించుకోండి. వాయిదాల్లో కట్టడానికి చాలామంది ఒప్పుకుంటారు.

అతికించేటప్పుడు నొప్పి ఉండదు. కొన్ని గంటల తర్వాత మొదలవుతుంది, మర్నాటికి ముదురుతుంది, వారంలో తగ్గిపోతుంది. పని ఒత్తిడి ఉన్న రోజుల్లో మొదలుపెట్టకండి. నాకైతే దసరా నుంచి పైడితల్లమ్మ సిరిమానోత్సవం దాకా బ్లౌజుల మీద బ్లౌజులు, అందుకే అది అయ్యేదాకా ఆగాను. మాత్రల దగ్గర జాగ్రత్త. నా పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి వైపు. అక్కడ కిడ్నీ జబ్బు లేని వీధి వెతుక్కోవాలి, నొప్పి బిళ్లంటే మాకు భయం. ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీలకు మంచివి కావు, ఎక్కువ రోజులు వాడితే పళ్ల కదలికనూ తగ్గించవచ్చు. మామూలుగా పారాసెటమాల్ సరిపోతుంది, అదీ డాక్టరుని అడిగే వేసుకోండి. చెంప లోపల ఒరుసుకుని నోరు పూస్తే ఉప్పునీళ్లు పుక్కిలించండి. వాళ్లిచ్చే మైనాన్ని చిన్న ఉండ చేసి, క్లిప్పును దూదితో తుడిచి ఆరాక దాని మీద అద్దండి. తడి మీద అంటుకోదు.

మొదటి రోజుల్లో చోడిజావ (రాగిజావ), ఇడ్లీ, మెత్తగా కలిపిన పప్పన్నం. తర్వాత కూడా జంతికలు, చెరకు, వేరుశనగ ఉండలు, వక్కలు మానేయాలి. మామిడి తాండ్ర తీగల్లో ఇరుక్కుంటే వదలదు. జామకాయ కొరకకుండా ముక్కలు కోసుకోండి, మాంసం ఎముక నుంచి విడదీసి తినండి. టెంక చీకడం మానడమే నాకు అన్నిటికన్నా కష్టమైంది. మీ చేతిపని అలవాట్లు కూడా చూసుకోండి. నేను దారం పంటితో తెంపేదాన్ని, గుండుసూదులు పళ్ల మధ్య పెట్టుకునేదాన్ని. ఇప్పుడు చిన్న కత్తెర మెడలో వేలాడుతుంటుంది, సూదులు మణికట్టుకి కట్టుకున్న దూది బిళ్లకి గుచ్చుకుంటాను.

తిన్న ప్రతిసారీ బ్రష్ చేయాలి. క్లిప్పు పైనుంచి ఒకసారి, కింద నుంచి ఒకసారి, చిగురు అంచున ఒకసారి, ఫ్లోరైడ్ పేస్టుతో. తీగ కిందికి మామూలు బ్రష్ వెళ్లదు. సీసాలు కడిగే బ్రష్ ఆకారంలో చిన్నది మెడికల్ షాపులో దొరుకుతుంది, దాన్ని సందుల్లో దూర్చి తిప్పాలి. ఇది చేయకపోతే క్లిప్పులు తీసిన రోజున పళ్లు వరసలోనే ఉంటాయి కానీ క్లిప్పుల చుట్టూ తెల్ల మచ్చలు పడి ఉంటాయి. క్లిప్పు ఊడితే పారేయకుండా కాగితంలో పెట్టి ఫోన్ చేయండి.

తీగలు తీసేశాక పని అయిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ. తడిపి ఆరబెట్టకుండా కుట్టిన నూలు గుడ్డ మొదటి ఉతుకులోనే ముడుచుకుపోతుంది చూడండి, పళ్లూ అంతే, పాత చోటికే వెళ్లాలని చూస్తాయి. అందుకే రిటైనర్. మొదటి నెలల్లో తినేటప్పుడు, బ్రష్ చేసేటప్పుడు తప్ప రోజంతా, తర్వాత రాత్రిళ్లు పెట్టుకోవాలి. పళ్లు వరసలో ఉండాలనుకున్నంత కాలం అది తప్పదు. పళ్ల వెనక సన్నని తీగ అతికించే రకం కూడా ఉంది. అది ఒక్క పంటి దగ్గర ఊడినా ఆ వారమే వెళ్లాలి. తీసి పెట్టుకునేదాన్ని వేడినీళ్లతో కడిగితే ఆకారం పోతుంది, చన్నీళ్లు చాలు. పెళ్లిభోజనాల్లో తీసి కాగితంలో చుట్టి విస్తరి పక్కన పెట్టకండి, ఎంగిలాకులతో పాటు ఎత్తేస్తారు. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే డబ్బా సంచిలో వేసుకోండి.