గోల్ఫ్ గ్రీన్ సంరక్షణ – 5వ పాఠం: ఎయిరేషన్‌కి అదను, ఇసుకకి లెక్క

కిందటి పాఠంలో గడ్డి కోసే యంత్రం రీల్ మోయర్ బ్లేడు, కోత ఎత్తు గురించి చూశాం. ఇంతవరకు మన పనంతా ఆకు మీదే సాగింది. ఇప్పుడు నేల కిందికి దిగుదాం.

గ్రీన్ అంటే గోల్ఫ్ కోర్సులో బంతి గుంత చుట్టూ బాగా పొట్టిగా కోసి ఉంచే గడ్డి చోటు. 3 మిల్లీమీటర్ల ఎత్తున కోసే గ్రీన్‌లో ఒక్కో మొక్కకి మిగిలే ఆకు ఎంతో మీరు దగ్గరగా చూసే ఉంటారు. ఆ కాస్త ఆకు వండుకున్న తిండితోనే మొక్క వేరు పెంచుకోవాలి, తొక్కిడి తట్టుకోవాలి, గాయాలు మాన్పుకోవాలి. ఎయిరేషన్ అంటే నేలలోకి గాలి దిగేలా యంత్రంతో చిల్లులు పొడవడం, మనం చేతులారా పెట్టే గాయం. అవసరమైనదే, కానీ గాయమే. కాబట్టి గడ్డికి మాన్పుకునే సత్తువ ఉన్న రోజుల్లోనే ఆ పని పెట్టుకోవాలి. పోటీల తేదీల మధ్య ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ ఎయిరేషన్ ఇరికించడం చాలా గోల్ఫ్ కోర్సుల్లో అలవాటైపోయింది. నా దృష్టిలో గ్రీన్లు చెడిపోవడానికి తెగుళ్ల కంటే ఇదే పెద్ద కారణం. అదను తప్పిన పనిని ఏ ఎరువూ సరిదిద్దలేదు.

ముందు నేలను చూడండి

గ్రీన్‌లో ఆట తక్కువగా సాగే ఒక మూల ఎంచుకోండి. మట్టి నమూనా తీసే గొట్టాన్ని 15 సెంటీమీటర్ల లోతుకి దింపి, బయటికి వచ్చిన కడ్డీని చెదరకుండా ఒక పలక మీద పడుకోబెట్టండి. చాకుతో నిలువునా చీల్చి వెలుతురులో పెట్టి చూడండి.

పైన పచ్చ. దాని కిందే గోధుమ రంగులో పీచు పొర కనిపిస్తుంది. అదే థాచ్. కాడలు, పాత వేర్లు, కుళ్లీ కుళ్లని పదార్థం కలిసి అల్లుకున్న పొర అది. వేలితో నొక్కండి. ఇసుకతో కలిసి గట్టిగా ఉంటే భయం లేదు. స్పాంజిలా అణిగి, నీరు ఊరి, వేలు తీయగానే మళ్లీ పైకి లేస్తే అక్కడే మీ పని ఉంది. నీరు పెట్టినప్పుడు ఆ పొర తాగేసి పట్టుకుంటుంది, కిందికి వదలదు. వేర్లు కూడా తడి ఉన్న చోటే ఆగిపోతాయి. అలాంటి గ్రీన్ పొద్దున బురదగా, మధ్యాహ్నానికి వాడిపోయి కనిపిస్తుంది. రెండూ ఒకే జబ్బు లక్షణాలు.

ఇప్పుడు వేర్లు చూడండి. తెల్లగా, సన్నని పిల్లవేర్లతో ఉంటే అవి పనిచేస్తున్నట్టు. గోధుమరంగులోకి తిరిగి, లాగగానే పైతోలు ఊడి వస్తుంటే చచ్చిపోతున్నట్టు. వేర్లు ఎంత లోతు దిగాయో స్కేలుతో కొలిచి, తేదీ వేసి రాసుకోండి. తర్వాత కడ్డీని ముక్కు దగ్గర పెట్టి వాసన చూడండి. కుళ్లిన గుడ్ల వాసన వచ్చి, మధ్యలో నల్లటి గీత కనిపిస్తే ఆ లోతులో గాలి లేదు. నీరు నిలిచి ఆక్సిజన్ అయిపోయిన చోట కొన్ని సూక్ష్మజీవులు గంధకం నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ తయారుచేస్తాయి, వాసన దానిదే. నల్ల గీత కనిపించిన గ్రీన్‌కి నీరు పెంచకండి. ముందు చిల్లులు పడాలి.

ఈ పరీక్ష ప్రతి గ్రీన్‌లో కనీసం మూడు చోట్ల చెయ్యాలి. ఒకే గ్రీన్‌లో ఎండ తగిలే వైపు ఒకలా, చెట్టు నీడ పడే వైపు ఇంకోలా ఉండటం మామూలే.

ఏ గడ్డికి ఏ అదను

గ్రీన్ గడ్డి రెండు రకాలు. చల్లదనం కోరే గడ్డి, ప్రధానంగా బెంట్. వేడి కోరే గడ్డి, ప్రధానంగా గరిక జాతికి చెందిన హైబ్రిడ్ బెర్ముడా. టిఫ్‌డ్వార్ఫ్, టిఫ్‌ఈగల్ లాంటివి ఈ కోవలోవే. రెండింటి క్యాలెండర్లు దాదాపు ఎదురెదురుగా నడుస్తాయి. ఒకరి షెడ్యూలు చూసి ఇంకొకరు కాపీ కొట్టడం ఇక్కడే దెబ్బతీస్తుంది.

బెంట్ ఆకు 15 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ మధ్య బాగా పెరుగుతుంది. వేరుకి ఇంకా చల్లగా ఉండాలి, నేల వేడి 10 నుంచి 18 డిగ్రీలు. నేల బాగా వేడెక్కాక కొత్తగా పుట్టే వేరు కంటే చచ్చే వేరే ఎక్కువ. అంటే నడివేసవిలో బెంట్ గ్రీన్ కూడబెట్టుకున్నది ఖర్చు పెట్టుకుంటూ బతుకుతుంది. అప్పుడు పెద్ద చిల్లులు పొడిస్తే అవి నెలల తరబడి పూడవు. బెంట్‌కి మంచి అదను వేసవి వేడి తగ్గి రాత్రులు చల్లబడటం మొదలైనప్పుడు. రెండోది వసంతంలో, గడ్డి రోజూ కోతకి వచ్చాక. రెండింట్లో ఒక్కటే ఎంచుకోమంటే నేను మొదటిదే అంటాను, ఎందుకంటే ముందు చల్లటి వారాలు మిగిలి ఉంటాయి, కొత్త వేరు ఆ చిల్లుల్లోంచే లోతుకి దిగుతుంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. నేల వేడి 21 డిగ్రీల కిందికి దిగితే పోవా అన్యువా అనే కలుపు గడ్డి విత్తనం మొలవడం మొదలుపెడుతుంది. తెరిచి ఉన్న చిల్లు దానికి సిద్ధంగా ఉన్న మడి. కాబట్టి ఆ దశ రాకముందే చిల్లులు పూడేలా పని కాస్త ముందుకి జరుపుకోవాలి.

బెర్ముడా సంగతి వేరు. దాని ఆకుకి 27 నుంచి 35 డిగ్రీలు హాయి. చలికాలంలో నిద్రలోకి పోయి గోధుమ రంగుకి తిరుగుతుంది. వసంతంలో చిగురు పెట్టేటప్పుడు కాడల్లో దాచుకున్న పిండిపదార్థం ఖర్చవుతుంది. పచ్చబడింది కదా అని ఆ వారమే యంత్రం ఎక్కించకండి. పైకి పచ్చగా కనిపించినా లోపల నిల్వ ఖాళీగా ఉంటుంది. నేను పెట్టుకునే గుర్తు ఇది: 5 సెంటీమీటర్ల లోతులో నేల వేడి నిలకడగా 20 డిగ్రీలు దాటాలి, మోయర్ బుట్ట రోజూ నిండుతూ ఉండాలి. అక్కడి నుంచి నడివేసవి దాకా బెర్ముడాకి చిల్లులు పొడవచ్చు, ఒకటికి రెండుసార్లు అయినా తట్టుకుంటుంది. ఆఖరి విడత మాత్రం నిద్రకి పోయే కాలానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే ముగియాలి.

నెలల పేర్లు నేను కావాలనే చెప్పలేదు. ఉత్తరార్ధగోళం వసంతం దక్షిణార్ధగోళంలో శరదృతువు. ఒకే ఊళ్లో కూడా ఏటా రెండు మూడు వారాల తేడా వస్తుంది. నేల థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. రోజూ ఒకే వేళకి, ఒకే లోతులో చూసి ఐదు రోజుల సగటు రాసుకోండి. ఈ ఒక్క అలవాటుతో మీ నిర్ణయాల్లో ఊహ బాగా తగ్గిపోతుంది.

చిల్లుల లెక్క

యంత్రానికి బిగించి నేలను పొడిచే మేకులే టైన్లు. బోలు టైన్లు మట్టిని కడ్డీలుగా బయటికి లాగుతాయి, గట్టి టైన్లు ఏమీ తీయకుండా చిల్లు మాత్రమే పెడతాయి. థాచ్ తగ్గించాలంటే బోలువే కావాలి.

12 మిల్లీమీటర్ల వెడల్పు చిల్లులు, ఇటు 5 అటు 5 సెంటీమీటర్ల ఎడంతో పొడిచామనుకోండి. ఒక్క చిల్లు వైశాల్యం సుమారు 113 చదరపు మిల్లీమీటర్లు. ఒక్కో చిల్లు వాటాకి వచ్చే గ్రీన్ 2,500 చదరపు మిల్లీమీటర్లు. అంటే ఒక్కసారి యంత్రం నడిపితే తాకేది 4.5 శాతం. అదే 6 మిల్లీమీటర్ల టైన్ వాడితే సగం రాదు, నాలుగో వంతే వస్తుంది, 1.1 శాతం. వెడల్పు సగమైతే వైశాల్యం నాలుగో వంతవుతుందని మరిచిపోయి, 'చిన్న టైన్లతో చేశాం, గాయం తక్కువ, పని జరిగింది' అనుకునేవాళ్లు ఎక్కువ. గాయం తక్కువే, పని ఇంకా తక్కువ.

ఏడాది మొత్తానికి 15 నుంచి 20 శాతం ఉపరితలం తాకాలన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న కొలమానం. పై టైన్లతో అది నాలుగు విడతల పని. కానీ మీ కడ్డీలో థాచ్ సన్నగా, ఇసుకతో కలిసి ఉంటే అన్ని విడతలు అక్కర్లేదు. నమూనా చూసి తేల్చుకోండి.

ఇప్పుడు ఇసుక. పై చిల్లులు 7.5 సెంటీమీటర్ల లోతు అనుకుందాం. చదరపు మీటరుకి 400 చిల్లులు, వాటిని నింపడానికి సుమారు 3.4 లీటర్ల ఇసుక. 500 చదరపు మీటర్ల గ్రీన్‌కి 1,700 లీటర్లు, అంటే 1.7 ఘనపు మీటర్లు. పొడి ఇసుక ఘనపు మీటరు సుమారు 1.6 టన్నులు తూగుతుంది కాబట్టి 2.7 టన్నులు కావాలి. ఒక్క గ్రీన్‌కి! యంత్రం అద్దెకి తెచ్చి, చిల్లులు పొడిచి, తీరా ఇసుక చాలక సగం చిల్లులు ఖాళీగా వదిలేయడం జరుగుతుంటుంది. సగం నిండిన చిల్లు పై అంచులు కూలి, గ్రీన్ గుంటలు గుంటలుగా తయారవుతుంది. ఇసుక కోర్సుకి చేరి, ఎండి, కప్పి పెట్టాకే తేదీ ఖాయం చెయ్యండి.

ఏ ఇసుక అన్నది డబ్బు దగ్గర తేలే విషయం కాదు. గ్రీన్ కట్టినప్పుడు వాడినదానికి సరిపోవాలి. అమెరికా గోల్ఫ్ సంఘం యుఎస్‌జీఏ 1960లో మొదట ప్రచురించిన పద్ధతిలో 10 సెంటీమీటర్ల గులకరాళ్ల పొర మీద వేర్లు పెరిగే 30 సెంటీమీటర్ల ఇసుక పొర ఉంటుంది. ఆ పొరలో కనీసం 60 శాతం రేణువులు 0.25 నుంచి 1 మిల్లీమీటరు మధ్య ఉండాలి. దాని మీద సన్నటి ఇసుక పరిస్తే, నీరు ఆ సన్న పొరలోనే చిక్కుకుంటుంది. ముతక పొరలోకి దిగదు. ఒక్కసారి తప్పు ఇసుక వేస్తే అది కడ్డీలో గీతగా ఏళ్ల తరబడి కనిపిస్తూనే ఉంటుంది. జల్లెడ పరీక్ష నివేదిక లేకుండా లోడు దింపించుకోకండి.

పని రోజు

ఐదారు రోజుల ముందు చదరపు మీటరుకి 2.5 గ్రాముల నత్రజని ఇవ్వండి. 500 చదరపు మీటర్లకి 1,250 గ్రాములు, యూరియాగా అయితే 2.7 కిలోలు. వెంటనే నీరు పెట్టి కరిగించాలి, లేకపోతే ఆకు మాడుతుంది. చిల్లులు పొడిచే నాటికి గడ్డి పెరుగుదల ఊపు మీద ఉండాలి.

నేల పదునులో ఉండాలి. మరీ తడిగా ఉంటే టైన్ చిల్లు గోడల్ని మెత్తి గట్టిచేస్తుంది. మరీ ఎండితే లోతు దిగదు, గడ్డి పెచ్చులుగా లేస్తుంది. ముందు రెండు మీటర్లు నడిపి ఆపండి. పైకి వచ్చిన కడ్డీల పొడవు స్కేలుతో చూడండి. ఐదు సెంటీమీటర్లు కావాల్సిన చోట మూడే వస్తుంటే గ్రీన్ మొత్తం చేశాక తెలిసి లాభం లేదు.

కడ్డీలు ఎత్తేశాక ఇసుక చల్లి, అది పూర్తిగా ఎండాకే బ్రష్ లాగండి. తడి ఇసుక చిల్లు మూతి దగ్గరే ఇరుక్కుని లోపల గాలి బుడగ వదులుతుంది. మండే ఎండలో బ్రష్ వద్దు, ఇసుక రాపిడికి ఆకు నలిగి మాడుతుంది. చిల్లులు మూతి దాకా నిండాక తేలిక రోలర్ ఒకసారి నడిపి, వెంటనే నీరు. చిల్లు అంచున ఉన్న మొక్కకి ఇప్పుడు పక్క నుంచి కూడా గాలి తగులుతుంది, అది ముందు ఎండుతుంది.

తర్వాత నాలుగైదు రోజులు కోత ఎత్తు అర మిల్లీమీటరు పెంచండి. మంచి రీల్ బయటికి తీయకండి, పాత సెట్‌తో కొయ్యండి. ఇసుక బ్లేడు అంచుని తినేస్తుంది. అదనులో చేసిన పని అయితే రెండు మూడు వారాల్లో చిల్లులు పూడతాయి. అప్పటికీ తెరిచే ఉంటే నేల వేడి రాసుకున్న పుస్తకం తీసి చూడండి, కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది.

పెరిగే కాలమంతా పలచగా ఇసుక చల్లుతూ ఉండటం దీనికి తోడు. చదరపు మీటరుకి 0.3 లీటరు చాలు, 500 చదరపు మీటర్లకి 150 లీటర్లు. ఆటగాళ్లకి పెద్దగా తెలియనే తెలియదు. థాచ్ పుడుతున్నప్పుడే దానిలోకి ఇసుక కలిసిపోతుంది.

మండుటెండలు, మంచు

బెంట్ గ్రీన్‌కి నడివేసవిలో గాలి కావాలంటే సన్నటి గట్టి టైన్లతో సూది చిల్లులు పెట్టండి. ఇసుక అక్కర్లేదు, కొద్ది రోజుల్లో కలిసిపోతాయి. నడిచాక అడుగుల గుర్తులు లేవకుండా ఉండిపోతున్నా, రంగు నీలం బూడిదగా తిరుగుతున్నా ఆ మచ్చకి చేత్తో నీరు పెట్టండి. పక్కన తడిగా ఉన్న చోటుకి స్ప్రింక్లర్ తిప్పకండి.

చలికాలం మాట ఒక్కటే. ఆకు మీద మంచు గడ్డకట్టి ఉన్నప్పుడు ఎవరినీ గ్రీన్ ఎక్కనివ్వొద్దు, మోయర్‌ని అసలే వద్దు. గడ్డకట్టిన ఆకు అడుగు కింద లోపల్లోపలే చిట్లుతుంది. ఆ అడుగుజాడలు తర్వాత గోధుమ మచ్చలై బయటపడతాయి. అది కరిగేదాకా ఆట ఆపమని చెప్పే అధికారం మీకు ముందే రాతపూర్వకంగా ఉండాలి. పొద్దున్నే క్లబ్ దగ్గర వాదించే పని ఉండదు.

ఈ వారం పని

మూడు గ్రీన్లలో, ఒక్కోదాంట్లో మూడేసి చోట్ల కడ్డీలు తీసి థాచ్ మందం, వేరు లోతు, వాసన రాయండి. రోజూ నేల వేడి చూడండి. తర్వాత ఈ లెక్క చెయ్యండి: 420 చదరపు మీటర్ల గ్రీన్, 10 మిల్లీమీటర్ల చిల్లులు, 4 సెంటీమీటర్ల ఎడం, 6 సెంటీమీటర్ల లోతు. ఎంత శాతం తాకుతుంది, ఎన్ని లీటర్ల ఇసుక కావాలి? మీ జవాబు 4.9 శాతం, సుమారు 1,240 లీటర్ల దగ్గరికి రాకపోతే చిల్లు వైశాల్యం దగ్గర వ్యాసార్ధానికి బదులు వ్యాసం వేశారేమో చూసుకోండి. ఆరో పాఠంలో పొద్దుటి తడి, డాలర్ స్పాట్ తెగులు తీసుకుందాం. దానికి ఈ వారం రాసిన వేరు లోతులు కావాలి, పుస్తకం దగ్గర పెట్టుకోండి.