నలుగురిలో మీ కథ చదివి వినిపించేటప్పుడు

మా రచయితల బృందంలో వంతులు వేసేది, టైం చూసేది నేనే. కొత్తగా వచ్చినవాళ్లకు ముందు చెప్పేది ఒకటే: వాక్యం చివర గొంతు దించకండి. తెలుగులో పని జరిగిందో లేదో తేల్చేది క్రియ. అదేమో చిట్టచివర వస్తుంది. "ఆ రాత్రి సీత ఆ ఉత్తరాన్ని పొయ్యిలో" దాకా గట్టిగా చదివి, "వెయ్యలేదు"ని నోట్లోనే నమిలేశారనుకోండి. విన్నవాళ్లలో సగంమందికి ఉత్తరం కాలిపోయినట్టే. మూడో పేజీలో అది మళ్లీ కనిపిస్తే, రాసినవాళ్లే మర్చిపోయారనుకుంటారు. అందుకే ఇంట్లో చదువుకునేటప్పుడే క్రియల కింద పెన్సిల్‌తో గీతలు పెట్టుకోండి. అక్కడిదాకా ఊపిరి చాలడం లేదంటే వాక్యం మరీ పొడవైందన్నమాట. రెండు చేసెయ్యండి.

సంభాషణలది ఇంకో తిప్పలు. కొటేషన్ గుర్తులు చెవికి వినపడవు. "అంది సీత" అనేది మాటంతా అయ్యాక వస్తే, అప్పటిదాకా మాట్లాడుతున్నది ఎవరో తెలీదు. ఇద్దరే ఉంటే ఫర్వాలేదు. ముగ్గురుంటే మాత్రం, చదివే కాపీలో పేరు ముందుకు జరపండి. గొంతులు మార్చి నటించడం నాకైతే నచ్చదు. ముసలాయన గొంతు పెడితే అందరూ నవ్వుతారు, ఆయనేమన్నాడో ఎవరికీ గుర్తుండదు. సీన్ మారేచోట పెట్టిన చుక్కలు కూడా వినపడేవి కావు కాబట్టి, అక్కడ తలెత్తి చూసి, మనసులో మూడు లెక్కపెట్టుకుని మొదలుపెట్టండి.

నిదానంగా చదివితే నిమిషానికి 80 నుంచి 100 మాటలు సాగుతాయి. పది నిమిషాల వంతుకు 900 మాటలు దాటించకండి. పెద్ద కథైతే ఒక ఘట్టం తీసుకుని, అంతకుముందు జరిగింది రెండు ముక్కల్లో చెప్పండి. "హడావిడిలో రాశాను, ఏమనుకోకండి" లాంటివి వద్దు. ఆ అరనిమిషాన్ని కూడా నేను మీ వంతులోనే కలుపుతాను!

ప్రింటు 16 పాయింట్‌లో, కాగితానికి ఒకవైపే తీయండి. పేజీ నంబర్లు తప్పనిసరి. ఫోన్‌లో చదివేవాళ్లు స్క్రీన్ ఆరిపోకుండా సెట్టింగ్ మార్చి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకోండి. కవితైతే రెండుసార్లు చదవండి.

చదవడం అవగానే "ఎలా ఉంది?" అని అడక్కండి. "బాగుంది" అంటారు, అక్కడితో సరి. కథలో ఏం జరిగిందో ఎవరైనా ఒకరిని చెప్పమనండి. వాళ్లు చెప్పేది మీరు రాసినదానికి వేరుగా ఉన్నా సరే, మధ్యలో అడ్డుపడి వివరించకండి. ఎక్కడ దారి తప్పారో ఆ వాక్యం పక్కన గుర్తు పెట్టుకోండి చాలు.

మరీ టెన్షన్‌గా ఉంటే కథ ఇంకొకరి చేత చదివించండి. ముందే చూపించకండి, అప్పటికప్పుడు ఇవ్వండి. వాళ్ల నాలుక తడబడిన చోటు, వెనక్కి వెళ్లి మళ్లీ చదివిన చోటు, రెండూ మీకు పనికొచ్చేవే. అందుకని రెండో కాపీ ఒకటి, పెన్సిల్ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.