రిమోట్ డెస్క్‌టాప్ సర్వర్‌లో సీపీయూ 100 శాతానికి చేరితే ఏం చేయాలి?

ముందుగా, సర్వర్ స్లో అయిందని ఫోన్ రాగానే రీస్టార్ట్ కొట్టేయకండి. లోపల పనిచేసుకుంటున్న వాళ్లందరూ సేవ్ చేయనిదంతా పోతుంది, అసలు కారణం మాత్రం అలాగే ఉంటుంది.

అడ్మిన్‌గా లాగిన్ అయి టాస్క్ మేనేజర్ తెరవండి. అందరూ ప్రాసెసెస్ ట్యాబ్ దగ్గరే ఆగిపోతారు, చూడాల్సింది యూజర్స్ ట్యాబ్. అక్కడ సీపీయూ కాలమ్ మీద నొక్కితే ఎవరి సెషన్ ఎంత లాగుతోందో పేరుతో సహా వస్తుంది. డిస్‌కనెక్టెడ్ అని ఉన్నవాళ్లు విండో మూసేసి వెళ్లారే గానీ సైన్ అవుట్ కాలేదు, వాళ్ల ప్రోగ్రాములు ఇంకా నడుస్తూనే ఉంటాయి. ఒక మాట అడిగి సైన్ అవుట్ చేయండి. గ్రూప్ పాలసీలో (యూజర్లకు నియమాలు పెట్టే విండోస్ సెట్టింగ్స్) డిస్‌కనెక్టెడ్ సెషన్లకు 2 గంటల పరిమితి పెట్టాల్సిందే.

యూజర్లెవరూ ఎక్కువ వాడట్లేదు, పైన ఎస్‌వీసీహోస్ట్ (విండోస్ సర్వీసులను తనలో నడిపే ప్రాసెస్) ఒక్కటే కనిపిస్తోంది అంటే అసలు పని ఇప్పుడు మొదలైనట్టు. డీటెయిల్స్ ట్యాబ్‌లో దాని మీద రైట్ క్లిక్ చేసి గో టు సర్వీసెస్ నొక్కండి. టర్మ్‌సర్వీస్ (రిమోట్ డెస్క్‌టాప్‌ను నడిపే సర్వీస్) అని వస్తే ఎండ్ టాస్క్ జోలికి పోవద్దు, మీతో సహా అందరి సెషన్లూ తెగిపోతాయి. ఈవెంట్ వ్యూయర్‌లో సెక్యూరిటీ లాగ్ తెరిచి 4625 కోసం వెతకండి, అది విఫలమైన లాగిన్‌కు పడే ఈవెంట్ నంబర్. సెకనుకొకటి చొప్పున పడుతుంటే బయటి నుంచి ఎవరో పాస్‌వర్డ్‌లు ఊహిస్తూ తలుపు కొడుతున్నట్టే, ప్రతి ప్రయత్నానికీ సర్వర్ కొత్త కనెక్షన్ సిద్ధం చేయాలి కాబట్టి సీపీయూ ఖర్చవుతుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు: రిమోట్ లాగిన్ కదా అని ఆ ఎంట్రీల్లో లాగాన్ టైప్ 10 (రిమోట్ డెస్క్‌టాప్ లాగిన్) మాత్రమే వెతికి, ఏమీ లేదని వదిలేస్తారు. ఎన్ఎల్ఏ (సెషన్ తెరవకముందే పాస్‌వర్డ్ అడిగే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఈ విఫలమైన ప్రయత్నాలు టైప్ 3 (నెట్‌వర్క్ లాగిన్) కింద పడతాయి. రెండూ చూడండి.

ఆ ప్రయత్నాలు వస్తున్న ఐపీ అడ్రస్‌లు ఒక్కొక్కటీ బ్లాక్ చేయడం వృథా, గంటలో కొత్తవి వస్తాయి. రిమోట్ డెస్క్‌టాప్ వాడే పోర్ట్ నంబర్ (మామూలుగా 3389) మార్చమని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు, కానీ స్కానర్లు దాన్నీ పట్టేస్తాయి. 3389ని రౌటర్‌లోనే మూసేసి, వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి సురక్షితమైన దారి) ద్వారా మాత్రమే రానివ్వాలి.

అయితే ఆగండి. మీరు కూడా ఆ పోర్ట్ గుండానే లోపలికి వచ్చి ఉంటే, మూసిన క్షణంలో మీ కనెక్షనే తెగి మీరు బయటే ఉండిపోతారు, ఆ తర్వాత ఎవరో ఒకరు సర్వర్ దగ్గరికి వెళ్లాల్సిందే. ముందు వీపీఎన్ పెట్టండి, మొబైల్ హాట్‌స్పాట్ నుంచి కనెక్టయి చూడండి, అది పనిచేశాకే పోర్ట్ మూయండి.

మూశాక కూడా 4625లు ఆగకపోతే ఆ ఎంట్రీల్లో సోర్స్ అడ్రస్ చూడండి. అది మీ ఆఫీసులోని కంప్యూటర్ ఐపీయే అయితే, పాత పాస్‌వర్డ్ సేవ్ అయి ఉన్న షెడ్యూల్డ్ టాస్క్ ఏదైనా ఆ కంప్యూటర్‌లో ఉందేమో వెతకండి.